ఆటలో చేరిన కెమెరా

1897లో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఒక ‘ఆఫ్రికా పల్లె’ వెలిసింది. గోల్డ్ కోస్ట్, అంటే ఇప్పటి ఘనా నుంచి అశాంతి ప్రజలంటూ కొందరిని తీసుకొచ్చి గుడిసెల్లో ఉంచారు. వాళ్ళు తింటున్నా, ఆడుతున్నా, పిల్లలకు నీళ్ళు పోస్తున్నా జనం చూసి పోయే ఏర్పాటు అది. సినిమాకు పురుడు పోసిన లూమియేర్ సోదరుల కర్మాగారం ఉన్నదీ ఆ ఊళ్ళోనే. వాళ్ళ కెమెరా ఆ పల్లెకు వెళ్ళి కత్తుల ఆట, ఆడపిల్లల ఆట అంటూ కొన్ని చిన్న చిన్న రీళ్ళు చుట్టుకుని వచ్చింది. ఒక్కోటి సుమారు 50 సెకన్లు. రీలు అయిపోతే ఆట అయిపోయినట్టే. కేటలాగులో ఆట పేరు ఉంది, ఆడినవాళ్ళ పేర్లు లేవు.

ఆ తొలి రీళ్ళలోనే ఒక చిక్కు మొదలైంది. ఆ తర్వాత నూరేళ్ళయినా అది వదల్లేదు. పశ్చిమాఫ్రికా పల్లెల్లో ఆట ఎక్కువగా గుండ్రంగా మూగిన జనం మధ్యలో సాగుతుంది. ఒకపక్క డోళ్ళు, మరోపక్క పాట అందుకునే ఆడవాళ్ళు. చూస్తున్నవాళ్ళలోంచి ఒకరు ఉన్నట్టుండి లోపలికి దూకి, నాలుగు అడుగులు వేసి మళ్ళీ గుంపులో కలిసిపోతారు. దరువును బట్టి అడుగు మారుతుంది, అడుగును బట్టి దరువూ మారుతుంది. ఆ వలయానికి ముందువైపు, వెనకవైపు అంటూ ఉండవు. కెమెరాకు మాత్రం ఒకటే దిక్కు. దానికి కనిపించాలంటే వలయం ఎక్కడో ఒకచోట తెగాలి, జనం పక్కకు జరగాలి. అంతవరకు ఊరందరిదీ అయిన ఆట ఆ క్షణం నుంచి కొందరు ఆడేదీ, మిగతావాళ్ళు చూసేదీ అయిపోతుంది. తెల్లవార్లూ సాగవలసింది నిమిషంలో ముగుస్తుంది. వాన కోసం ఆడుతున్నారా, చావుకు ఆడుతున్నారా, పంట ఇంటికొచ్చిందని ఆడుతున్నారా అన్న సంగతి రీలు మీదికి ఎక్కనే ఎక్కదు.

తెరకు మాటలొచ్చాక ఆఫ్రికా ఆటకు మేలు జరిగిందా అంటే, ‘కాంగోరిల్లా’ చూసినవాళ్ళు లేదనే చెబుతారు. అమెరికన్ దంపతులు మార్టిన్, ఓసా జాన్సన్‌లు తీసిన ఆ చిత్రం 1932లో వచ్చింది. ఆఫ్రికాలో శబ్దంతో సహా తీసిన తొలి సినిమా అని దానికి ప్రచారం. బెల్జియన్ కాంగోలోని ఇటూరి అడవిలో బతికే మ్బుటీలు గొప్ప గాయకులు. ఒకే పాటలో ఒక్కొక్కరు ఒక్కో వరుస ఎత్తుకుని, అన్నీ కలిపి అల్లుకుపోయే వాళ్ళ గానం సంగీతజ్ఞులకు ఈనాటికీ అబ్బురమే. శబ్దయంత్రాలు మోసుకుని అంత అడవిలోకి వెళ్ళిన జాన్సన్ దంపతులు వాళ్ళ ముందు గ్రామఫోను పెట్టి జాజ్ రికార్డు వేశారు. ఆ సంగీతానికి మ్బుటీలు ఎగురుతుంటే, ఓసా వాళ్ళతో కలిసి చిందేస్తుంటే చిత్రించారు. హాలులో నవ్వులు పూయించడానికి పెట్టిన ఘట్టం అది. వినవలసిన పాట పక్కనే ఉన్నా మైకు దాని వైపు తిరగకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

అదే కాలంలో మరో రకం కెమెరా కూడా ఆఫ్రికాలో తిరిగింది. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ గ్రియోల్ నడిపిన డకార్–జిబూతి యాత్ర 1931 నుంచి 1933 దాకా ఖండాన్ని పడమటి నుంచి తూర్పుకు దాటింది. దారిలో, ఇప్పటి మాలి దేశంలోని బాండియగారా కొండచరియల్లో, డోగోన్ ప్రజల మాస్కుల ఆటలు ఆ బృందం కంటపడ్డాయి. చనిపోయినవారి ఆత్మను ఊరి పొలిమేర దాటించి సూతకం విడిచే ‘దామా’ అనే క్రతువులో ఆడే ఆటలవి. కనగా మాస్కు మీద రెండు అడ్డుపలకల కొయ్య నిలువుగా ఉంటుంది. ఆటగాడు నడుం దగ్గర్నుంచి గిర్రున తిరిగి, ఆ కొయ్య కొస నేలకు రాసుకునేలా వంగి, అదే ఊపులో పైకి లేస్తాడు. సిరిగే మాస్కు నాలుగైదు మీటర్ల ఎత్తుండే పలక. లోపలి అడ్డుకర్రను పళ్ళతో కరిచి పట్టుకుని, ఆ పలకను ముందుకు వంచి నేలకు తాకిస్తాడు, తర్వాత వెనక్కి వంచి తాకిస్తాడు. మెడ నరాలు ఎంత గట్టివైతే ఆ పని సాధ్యమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

గ్రియోల్ 1938లో విడుదల చేసిన ‘నల్ల మాస్కుల కింద’ అనే చిన్న చిత్రంలో ముందు ఒక చావు, ఆ తర్వాత మాస్కులు చెక్కడం, చివరికి ఆట. కారణం ముందు చెప్పి ఆటను తర్వాత చూపడం అప్పటికి పెద్ద మార్పే. అయితే వ్యాఖ్యానం అంతా ప్యారిస్ గొంతే. ఆడిన మనిషి నోరు విప్పడు.

నోరు విప్పే దారిని చట్టమే మూసింది. 1934లో ఫ్రెంచి వలసల మంత్రి పియేర్ లావాల్ పేరు మీద వచ్చిన ఉత్తర్వు ప్రకారం పశ్చిమాఫ్రికా వలసల్లో ఎవరు సినిమా తీయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాలి. ఆఫ్రికన్ల చేతికి కెమెరా రాకుండా ఆపిన గోడ అది. దహోమేలో పుట్టి ప్యారిస్ సినిమా కళాశాలలో చదివిన పొలాఁ సూమానూ వియెరా 1955లో మిత్రులతో కలిసి ‘సీన్ నది మీద ఆఫ్రికా’ తీశాడు. సొంత గడ్డ మీద తీసే వీల్లేక ప్యారిస్‌లోని ఆఫ్రికన్ల బతుకును తీశారు. ఆఫ్రికా ఆటల గురించి అప్పటికి బయటివాళ్ళు తీసినవి ఎన్నో ఉన్నాయి, లోపలివాళ్ళు తీసినవి దాదాపు లేవు. ఈ సంగతి మరిచిపోతే తర్వాత జరిగిన గొడవలు అర్థం కావు.

ఆ గొడవల మధ్యలో నిలిచినవాడు జాన్ రూష్. 1917లో ప్యారిస్‌లో పుట్టాడు, చదివింది సివిల్ ఇంజనీరింగు. 1941లో రోడ్లు వేయించడానికి నైజర్ వచ్చాడు. మరుసటి ఏడు రోడ్డు పనిలో ఉన్న కూలీలు కొందరు పిడుగు పడి చనిపోయారు. అది ఉరుముల దేవత డోంగో పని అన్నారు తోటి కూలీలు. రూష్ దగ్గర పనిచేసే దమూరే జికా అనే కుర్రవాడు తన నాయనమ్మ కలియా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె సోంఘాయ్ ప్రజల క్రతువులు జరిపించే పెద్దావిడ. ఆమె ఆధ్వర్యంలో జరిగిన శాంతిలో మనుషుల ఒంటి మీదికి దేవతలు రావడం రూష్ మొదటిసారి చూశాడు. దమూరే ఆ తర్వాత జీవితమంతా రూష్ చిత్రాలకు శబ్దగ్రాహకుడు, నటుడు, స్నేహితుడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక రూష్ ఇద్దరు మిత్రులతో కలిసి నైజర్ నదిలో పడవ ప్రయాణం చేశాడు. చేతిలో ప్యారిస్ పాత సామాన్ల సంతలో కొన్న 16 మిల్లీమీటర్ల బెల్ అండ్ హోవెల్ కెమెరా. ప్రయాణంలో దాని స్టాండు నీళ్ళపాలైంది. దాంతో కెమెరాను చేత్తో పట్టుకునే తీయాల్సి వచ్చింది. అలా అలవాటైన పద్ధతే తర్వాతి కాలంలో డాక్యుమెంటరీ సినిమాకు కొత్త నడక నేర్పింది. తొలి చిత్రం మాత్రం చేదు మిగిల్చింది. ఒక న్యూస్‌రీల్ కంపెనీ దాన్ని కొని తన ఇష్టం వచ్చినట్టు కత్తిరించి, సైకిల్ పందేలకు వ్యాఖ్యానం చెప్పే ధోరణిలో గొంతు జతచేసి, ‘నల్ల మాంత్రికుల దేశంలో’ అని పేరు పెట్టి హాళ్ళకు వదిలింది.

1949లో వచ్చిన ‘పూనకం ఆటకు దీక్ష’ తన ఇష్టప్రకారం తీసుకున్న చిత్రం. దేవత పట్టడంతో జబ్బుపడిన ఒక స్త్రీకి ఆ దేవత అడుగులు నేర్పిస్తారు. ఎక్కడ కాలు నేలకు తాటించాలి, ఎప్పుడు తల విసరాలి, ఏ దరువుకు ఎవరు వస్తారు, అన్నీ రోజుల తరబడి సాధన చేయిస్తారు. పూనకం అంటే ఒళ్ళు తెలియని ఎగురుడు అనుకునే యూరప్ ప్రేక్షకులకు అది గురువు, పాఠం, పరీక్ష ఉన్న విద్య అని ఆ చిత్రం చూపింది. బోనాల జాతరలో శివసత్తుల్ని చూస్తూ పెరిగిన తెలుగువారికి ఆ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

1954లో రూష్ చేసిన ఒక పని ఈ చరిత్రలో మలుపు. నైజర్ నది ఒడ్డున అయోరూ అనే ఊళ్ళో నీటిగుర్రాల వేట మీద తాను తీసిన చిత్రాన్ని, అందులో కనిపించిన జాలర్లకే చూపించాడు. గోడకు తెల్లగుడ్డ కట్టి వేసిన ఆట అది. తెర మీద చనిపోయినవాళ్ళు కనిపించగానే జనం ఏడ్చారు. మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాక విమర్శ మొదలుపెట్టారు. వేట ఘట్టంలో రూష్ వాళ్ళ వేట పాటనే నేపథ్య సంగీతంగా జోడించాడు. ఆ వేటగాళ్ళు ఒప్పుకోలేదు. వేటలో చప్పుడు చేస్తే నీటిగుర్రం పారిపోదా అన్నారు. రూష్ ఆ సంగీతం తీసేశాడు. తమను తీసిన చిత్రాన్ని తామే సరిదిద్దిన ఆ జాలర్లు డాక్యుమెంటరీకి చేసిన మేలు చిన్నది కాదు.

ఆ రోజుల్లోనే గోల్డ్ కోస్ట్‌లోని అక్రాలో ఉన్న నైజర్ వలస కూలీలు, తమ క్రతువును కూడా సినిమా తీయమని రూష్‌ని అడిగారు. వాళ్ళు హౌకా భక్తులు. వాళ్ళ ఆటే ‘పిచ్చి దొరలు’ అనే చిత్రమైంది. ఆఫ్రికా నాట్యం మీద వచ్చిన డాక్యుమెంటరీల్లో దీనంత వివాదం రేపింది మరొకటి లేదు.

హౌకాలు 1920ల నడుమ నైజర్‌లో పుట్టిన కొత్త దేవతలు. పాత దేవతలకు ఉరుము, నది, అడవి ఉండేవి. వీళ్ళకు తుపాకీ, రైలు, సైన్యం ఉన్నాయి. గవర్నరు, జనరలు, గార్డు కార్పొరలు, రైలు డ్రైవరు, డాక్టరు భార్య, ఇలా తెల్లదొరల కొలువంతా భక్తుల ఒంటి మీదికి వస్తుంది. ఫ్రెంచి అధికారులకు ఇది తిరుగుబాటులా కనిపించింది. క్రోసిక్కియా అనే అధికారి హౌకా భక్తుల్ని పట్టి జైల్లో వేయించాడు. కొన్నాళ్ళకు అతని పేరే రూపు మార్చుకుని కొర్సాసి అనే హౌకా అయింది. కొట్టినవాణ్ణే దేవతల జాబితాలో చేర్చి, అతని నడకను, అరుపును తమ ఆటలో బంధించేశారు. అక్కడి ప్రజలు తమ పాలకుల గురించి తీసుకున్న డాక్యుమెంటరీ అంటే అదే. దానికి కెమెరా అక్కర్లేకపోయింది.

చిత్రం మొదట్లో అక్రా వీధులు కనిపిస్తాయి. రేవులో బరువులు మోసేవాళ్ళు, సీసాలు కొనేవాళ్ళు, గనుల్లో దిగేవాళ్ళు. ఒక ఆదివారం వాళ్ళలో కొందరు ఊరి బయట పూజారి మౌంట్యెబా తోటకు వెళతారు. అక్కడ నలుపు తెలుపు రంగులు పూసిన చెదలపుట్టే గవర్నరు భవనం. పీలికలు కలిపి కట్టిందే బ్రిటిష్ జెండా. చేతుల్లో కొయ్య తుపాకులు. దరువు మొదలయ్యాక ఒక్కొక్కరికే ఒళ్ళు వణుకుతుంది, కళ్ళు పైకి తేలతాయి, నోట నురుగు వస్తుంది. తర్వాత అందరూ కవాతు చేస్తారు, సెల్యూట్లు కొడతారు, మాటిమాటికీ సమావేశాలు పెడతారు. బలి ఇచ్చిన కుక్కను పచ్చిదే తినాలా వండుకు తినాలా అన్నదానికి కూడా సమావేశమే. గవర్నరు బొమ్మ నెత్తిన గుడ్డు పగలగొడతారు. సొన కిందికి జారుతుంటే రూష్ ఠక్కున అక్రాలో జరిగిన అసలు సైనిక కవాతుకు, అక్కడి బ్రిటిష్ గవర్నరు టోపీ మీది తెల్లని ఈకల కుచ్చుకు కత్తిరిస్తాడు. రెండూ ఒకేలా ఉంటాయి. చిత్రం మొత్తంలో వ్యాఖ్యానం అక్కర్లేని చోటు అదొక్కటే.

ఆ కెమెరాకు గడియారంలా కీ ఇవ్వాలి. ఒకసారి కీ ఇస్తే నడిచేది మహా అయితే 25 సెకన్లు. అందుకే ‘పిచ్చి దొరలు’ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నురుగు, కళ్ళు, కవాతు, రక్తం. వీటిని కలిపి నిలబెట్టింది రూష్ గొంతు. ప్యారిస్‌లోని మానవ మ్యూజియంలో మొదటిసారి చూపించినప్పుడు గ్రియోల్ చిత్రాన్ని తగలబెట్టేయమన్నాడు. హాలులో ఉన్న ఆఫ్రికన్లు కూడా మండిపడ్డారు. ఆఫ్రికావాళ్ళు అనాగరికులనే మాటకు ఇది ఊతమిస్తుందని వాళ్ళ భయం. బ్రిటిష్ వలసల్లో చిత్రాన్ని నిషేధించారు. గవర్నరు నెత్తిన గుడ్డు కొట్టడం రాణికి అవమానమట, కుక్కను చంపడం జంతుహింసట. 1957లో వెనిస్ చిత్రోత్సవం మాత్రం బహుమతి ఇచ్చింది. గోల్డ్ కోస్ట్ ఘనాగా స్వతంత్రం అయిందీ ఆ సంవత్సరమే.

మండిపడినవాళ్ళ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. హౌకా ఆటలోని ఎగతాళి, దాని వెనక జైళ్ళు, కొరడాలు తెలిసినవాడికి అది అపురూపమైన చిత్రం. అవేవీ తెలియని ప్యారిస్ ప్రేక్షకుడికి నురుగు కక్కే నల్ల ముఖాలు మాత్రమే మిగులుతాయి. పైగా రూష్ చివర్లో ఆ కూలీలు మర్నాడు నవ్వుతూ పనిలో ఉండడం చూపి, మనసు కుదుటపడడానికి ఈ క్రతువు మందులా పనిచేస్తోందేమో అన్నాడు. రాజకీయ కోపాన్ని వైద్యంగా చెప్పినట్టు అనిపించే ఆ మాట దగ్గరే చిత్రం తడబడింది. సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ 1965లో రూష్‌తో ముఖాముఖి మాట్లాడుతూ, మీ మానవశాస్త్రవేత్తలు మమ్మల్ని పురుగుల్ని చూసినట్టు చూస్తారని అన్నాడు. రూష్‌కు ఆ మాట జీవితాంతం తగులుతూనే ఉంది.

ఆరేళ్ళ తర్వాత రూష్ తీసిన పది నిమిషాల చిత్రాన్ని ఆ మాటకు జవాబుగా చూడవచ్చు.

1971 మార్చి 15. నైజర్ రాజధాని నియామేకు ఉత్తరాన సిమిరి అనే ఊరు. మిడతల బారి నుంచి పంటను కాపాడమని వన దేవతల్ని వేడుకునే క్రతువు నాలుగో రోజుకు చేరింది. వాయిస్తున్నవి తూరు, బిట్టి అనే పాత డోళ్ళు. అప్పటికే వాటిని వాయించేవాళ్ళు కరువవుతున్నారు. సాంబూ అనే పెద్దాయన గంటల తరబడి ఆడుతున్నా ఒంటి మీదికి ఎవరూ రాలేదు. పొద్దు వాలుతోంది. కనీసం డోళ్ళ చప్పుడైనా భద్రం చేద్దామని రూష్ కెమెరా ఎత్తాడు, శబ్దం మూసా హమీదూ పట్టాడు. అప్పటికి 25 సెకన్ల కెమెరా పోయింది. మోటారుతో నడిచే కెమెరాలో ఒక రీలు వేస్తే పది పదకొండు నిమిషాలు ఆగకుండా తీయవచ్చు. రూష్ రీలు మొత్తాన్ని ఒకే షాటుగా తీయాలనుకున్నాడు.

కెమెరా ఊరి బయటి నుంచి నడుచుకుంటూ వస్తుంది, బలికి కట్టేసిన మేకల్ని దాటుతుంది, ఆటస్థలంలోకి అడుగు పెడుతుంది. సాంబూ పాదాల వెంట, చేతుల వెంట తిరుగుతుంది. డోళ్ళ దగ్గరికి వెళ్ళి వాయించేవాళ్ళ వేళ్ళను చూస్తుంది. ఇంతలో దరువు ఆగిపోతుంది. ఇంకెవరైనా అయితే కెమెరా ఆపేసేవారు. రూష్ ఆపలేదు, అక్కడే నిలబడి తీస్తూనే ఉన్నాడు. వాయించేవాళ్ళు ఒక్క క్షణం చూసి మళ్ళీ డోలు అందుకున్నారు. వెంటనే సాంబూ ఒళ్ళు జలదరించింది, కూరే అనే హౌకా వచ్చాడు. పూజారి ముందుకొచ్చి అతనితో బేరానికి దిగాడు. వచ్చినవాడు మాంసం అడుగుతాడు, ఈయన పంట అడుగుతాడు. అంతలో ఒక ముసలావిడ మీదికి మరో దేవత వచ్చింది. రీలు చివరికొస్తుంటే కెమెరా వెనక్కి నడిచి ఊరంతటినీ ఒకసారి చూసి ఆగిపోయింది.

తాను కెమెరా ఆపి ఉంటే డోళ్ళు కూడా ఆగిపోయేవని, పూనకం వచ్చేది కాదని రూష్ తర్వాత రాశాడు. కెమెరా పట్టుకున్నవాడికి కలిగే ఆ స్థితికి ‘సినీ పూనకం’ అని పేరు కూడా పెట్టాడు. చిత్రీకరణ జరిగేదాన్ని మార్చకూడదు అన్నది డాక్యుమెంటరీకి అప్పటివరకు పెద్ద నీతి. సిమిరిలో కెమెరా అందరి కళ్ళ ముందే క్రతువును మార్చింది, ఆ సంగతి ఒప్పుకుంది కూడా. దాక్కుని చూసే కెమెరా కన్నా ఆ నిజాయితీ మేలు. లియోన్‌లో కెమెరా కోసం వలయం తెగింది. సిమిరిలో కెమెరా వలయం లోపలికి నడిచి, డోళ్ళు, అడుగులు సాగినంతసేపు వాటితోపాటు సాగింది.

అందరూ ఆ దారిన నడవలేదు. నైజర్‌లోనే వొదాబే పశుపోషకులు వానాకాలం చివర గెరెవోల్ ఆడతారు. మగవాళ్ళు ముఖాలకు రంగులు పూసుకుని, ఈకలు తలకు పెట్టుకుని, భుజం భుజం తాకేలా వరుస కట్టి, కనుగుడ్లు తిప్పుతూ పళ్ళు మెరిపిస్తూ గంటల తరబడి ఆడితే, ఎవరు అందగాడో ఆడపిల్లలు తేలుస్తారు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ గార్డ్‌నర్ 1981లో ‘లోతైన గుండెలు’ అనే చిత్రంలో ఆ పోటీ వెనక ఉన్న మానసిక ఒత్తిడిని, వంశాల మధ్య పంతాన్ని వెతికాడు. 1989లో జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ ‘సూర్యుడి కాపరులు’ తీశాడు. మొదటి దృశ్యంలోనే ఆ మగవాళ్ళ వరుస మీద వాళ్ళ పాట తీసేసి, గూనో కట్టిన ‘ఆవే మరియా’ పాత రికార్డును పెట్టాడు. చూసినవాళ్ళు మరిచిపోలేని దృశ్యమే. కానీ గెరెవోల్‌లో వాద్యాలు లేవు, చప్పట్లు, గొంతులు, కాలి దరువులే ఆ ఆటకు ప్రాణం. ఆ గొంతు తీసేశాక మిగిలింది హెర్జోగ్ కల. జాన్సన్ దంపతుల గ్రామఫోనుకు, దీనికి అభిరుచిలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉండవచ్చు. ఆడేవాళ్ళకు జరిగిన నష్టం మాత్రం ఒకటే.

ఆఫ్రికన్లే కెమెరా పట్టాక కథ మారింది. సెనెగల్‌కు చెందిన సాఫీ ఫాయ్ మొదట రూష్ చిత్రంలో నటించింది, తర్వాత మానవశాస్త్రం, సినిమా రెండూ చదివింది. 1979లో తన తండ్రి ఊరి మీదే ‘ఫాద్‌జాల్’ తీసింది. అందులో ముసలాయన పిల్లలకు ఊరి కథ చెబుతుంటాడు. పొలం పని, పుట్టుక, చావు, వాటి మధ్యలో డోలూ ఆటా వచ్చి పోతుంటాయి. ఆటను విడదీసి వింతగా చూపడం ఎక్కడా ఉండదు. ధాన్యం దంచడానికి ఎంత చోటుందో దానికీ అంతే చోటు.

కొత్తగా స్వతంత్రమైన ప్రభుత్వాలు ఆటను మరో దిక్కుకు లాగాయి. గినీ కవి ఫొదేబా కెయితా 1950ల్లో ప్యారిస్‌లో నెలకొల్పిన ‘ఆఫ్రికన్ బాలేలు’ బృందం, 1958లో గినీ స్వతంత్రం కాగానే జాతీయ బృందమైంది. పల్లె ఆటల్ని రంగస్థలానికి తగ్గట్టు కుదించి, ప్రేక్షకుల వైపు తిప్పి ప్రపంచమంతా చూపింది. అదే ప్రభుత్వం మూఢనమ్మకాలను నిర్మూలిస్తున్నామంటూ అడవి ప్రాంతపు పల్లెల్లో పవిత్ర మాస్కుల్ని తగలబెట్టించింది. ఊళ్ళో నిషేధం, వేదిక మీద గౌరవం. ఫొదేబా స్వయంగా ఆ ప్రభుత్వపు జైల్లోనే 1969లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ బృందాల నీడ ఎలాంటిదో లోరాఁ షెవాలియే 1991లో తీసిన ‘జెంబెఫోలా’లో తెలుస్తుంది. బలాండూగూ ఊళ్ళో పుట్టిన జెంబే విద్వాంసుడు మమాదీ కెయితాను 1964లో ప్రభుత్వ బృందానికి ఎంపిక చేసి తీసుకెళ్ళారు. 26 ఏళ్ళ తర్వాత అతను సొంత ఊరికి వెళ్ళడమే ఆ చిత్రం. వేదికల మీద లక్షల చప్పట్లు విన్న చేతులు మళ్ళీ ఊరి ఆట మధ్యలో వాయిస్తాయి, ఊరివాళ్ళు ఆ దరువుకు ఆడతారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క అక్కడ మళ్ళీ చెరిగిపోతుంది.

ఆఫ్రికా ఆట సముద్రం దాటి మన ఊళ్ళకూ వచ్చింది. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ రౌతుల దళం పేరు హైదరాబాదులో ఏసీ గార్డ్స్ పేటగా మిగిలింది. అక్కడి సిద్దీలు, బార్కస్ అరబ్బులు నిలబెట్టిన మర్ఫా దరువు నగరంలో పెళ్ళి ఊరేగింపుల్లో వినిపిస్తుంది. గుజరాత్ సిద్దీల ఆట మీద నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ దంపతులు ఏళ్ళ తరబడి పనిచేసి 2003లో డాక్యుమెంటరీ తెచ్చారు. మర్ఫాకు మాత్రం అంత ఓపికగా తీసిన చిత్రం ఇంకా రావాల్సే ఉంది.

డోగోన్ పల్లెల్లో అరవై ఏళ్ళకొకసారి వచ్చే సిగీ ఉత్సవం దగ్గర ఈ చరిత్ర ఇప్పుడు ఆగి ఉంది. మృత్యువు లోకంలోకి వచ్చిన తీరును, మాట మనిషికి అందిన తీరును తలుచుకునే ఉత్సవమది. ఏడేళ్ళపాటు ఏటా ఒక ఊరి నుంచి మరో ఊరికి కదులుతుంది. మగవాళ్ళంతా వయసు వరుసలో, ముసలివాళ్ళు ముందు, పసివాళ్ళు చివర, పాములా మెలికలు తిరుగుతూ ఆడుతూ వస్తారు. రూష్, మానవశాస్త్రవేత్త జెర్మేన్ దియెతెర్లెన్ కలిసి 1967లో యూగో దగ్గర మొదలుపెట్టి ఏటా వెళ్ళి తీశారు. 1973లో కరువు వల్ల, ప్రయాణాల మీద ఆంక్షల వల్ల వెళ్ళలేకపోయారు. ఆ చివరి భాగాన్ని 1974లో పెద్దలు మళ్ళీ చేసి చూపగా చిత్రించారు. ఊరి ఉత్సవం ఊరివాళ్ళదే కాబట్టి ఏడేళ్ళ సిగీని మొదటి నుంచి చివరి దాకా వెంబడించిన డోగోన్ ఒక్కరూ లేరు. ఆ వరుస మొత్తం ఒక్కచోట కనిపించింది సినిమాలోనే.

ఆ చిత్రాలకు చెప్పిన అర్థాల మీద ఇప్పుడు సందేహాలున్నాయి. గ్రియోల్, దియెతెర్లెన్‌లు రాసిన డోగోన్ సృష్టి కథల్లో చాలా భాగం తనకు ఊళ్ళలో ఎక్కడా దొరకలేదని డచ్ పరిశోధకుడు వాల్టర్ వాన్ బేక్ 1991లో రాశాడు. వ్యాఖ్యానాన్ని పక్కన పెట్టి చూస్తే తెర మీద అడుగులు, వరుసలు, పెద్దల ముఖాలు అలాగే ఉన్నాయి. ఆ పెద్దల్లో బోంగో ఊరి అనాయ్ డోలో ఒకరు. ఆయన అంత్యక్రియల మీద రూష్ తీసిన చిత్రం పేరులో ఆయన జీవితకాలం 1848 నుంచి 1971 వరకు అని ఉంటుంది. 1907 నాటి సిగీని చూసి, తర్వాతి సిగీలో కెమెరా ముందుకు వచ్చిన మనిషి ఆయన. రూష్ 2004లో నైజర్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

లెక్క ప్రకారం సిగీ మళ్ళీ 2027లో మొదలు కావాలి. 1967లో వరుస చివర అడుగులు వేసిన పిల్లలకు ఇప్పుడు డెబ్బై దగ్గరపడింది, ఈసారి ముందు నడవాల్సింది వాళ్ళే. కానీ 2012లో మొదలైన సాయుధ సంఘర్షణ మధ్య మాలికి పాకి, బాండియగారా చుట్టుపక్కల పల్లెలు తగలబడ్డాయి, ఎందరో ఇళ్ళు వదిలిపోయారు. యూగో నుంచి బయల్దేరిన ఆట ఏడేళ్ళలో కొండచరియ పొడుగునా నడవాలంటే ముందు ఆ దారులు తెరుచుకోవాలి, వెళ్ళిపోయినవాళ్ళు తిరిగి రావాలి. ఆ క్రతువుకే ప్రత్యేకమైన సిగీ భాష తెలిసిన పెద్దలు ఊరికి దూరంగా కూర్చుని కొత్తవాళ్ళకు దాన్ని నేర్పడం అంతకన్నా ముందే మొదలు కావాలి.